నూనె సీసాలో విటమిన్ సి: అక్కకు ఏం చెప్పాలి?

విజయవాడ నుంచి ఒక సోదరి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. అందులోని ముఖ్యమైన సంగతులు ఇవి.

ఆమెకు 35 ఏళ్లు. రెండో కాన్పు తర్వాత బుగ్గల మీద, పై పెదవి మీద మంగు మచ్చలు వచ్చాయి. మూడేళ్లయినా తగ్గలేదు. విటమిన్ సి సీరమ్‌లు ఖరీదని ఫోన్‌లో వీడియోలు చూసి ఇంట్లోనే చేసుకున్నారు. కొబ్బరి నూనెలో కొంచెం బాదం నూనె కలిపి, అందులో యాస్కార్బిక్ యాసిడ్ (అసలు విటమిన్ సి) పొడి వేశారు. పొడి కరగకుండా అడుగున ఇసుకలా పేరుకుంది. రోజ్ వాటర్ పోస్తే కరుగుతుందని ఎవరో చెబితే రెండు చెంచాలు పోసి బాగా ఊపారు. నిమ్మలో విటమిన్ సి ఉంటుంది కదా అని ఇరవై చుక్కల నిమ్మ తైలం వేశారు. రెండు విటమిన్ ఇ క్యాప్సూల్స్ గుచ్చి పిండారు. తర్వాత 'నూనెలో కరిగే విటమిన్ సి' ఆన్‌లైన్‌లో కనబడితే అదీ తెప్పించి అదే సీసాలో కలిపారు. పొద్దున, రాత్రి ముందు ఈ నూనె, దాని మీద నయాసినమైడ్ (విటమిన్ బి3 రూపం) సీరమ్ రాస్తున్నారు. పొద్దునైతే ఆ పైన సన్‌స్క్రీన్ కూడా. సన్‌స్క్రీన్ రబ్బరు పొట్టులా ఊడి వస్తోంది. నుదుటి మీద చిన్న చిన్న పొక్కులు వచ్చాయి.

అయినా ముఖం నిగనిగలాడుతోందని అపార్ట్‌మెంట్‌లో వాళ్లు అడిగితే 250 రూపాయల చొప్పున ఆరు సీసాలు ఇచ్చారు. పెద్ద తోడికోడలికి ఒకటి ఊరికే ఇచ్చారు. పది రోజులకు ఆమె రెండు బుగ్గలూ ఎర్రబడి దురదలు మొదలయ్యాయి. మందుల షాపులో అడిగి ఏదో ట్యూబు తెచ్చుకుని రాస్తున్నారు. 'నా మొహం పాడుచేసింది' అని అత్తగారితో చెప్పారు. 'నేను కూడా అదే రాసుకుంటున్నాను, నాకేం కాలేదు. అక్కది సున్నితమైన చర్మమేమో. తప్పు నాదని ఒప్పుకుంటే ఈ ఇంట్లో జీవితాంతం మాట పడాలి. ఒప్పుకోకపోతే నిద్ర పట్టడం లేదు' అని రాశారు. ఈ నూనె సరిగ్గా చేయడం ఎలా, దేని తర్వాత ఏది రాయాలి, దీన్ని చిన్న వ్యాపారంగా పెట్టుకోవచ్చా అనేవి మిగతా ప్రశ్నలు.

సమాధానం:

అమ్మా, ముందుగా ఒక పని చేయండి. ఆ ఆరు సీసాలు తీసుకున్నవాళ్లకు ఈ రోజే ఫోన్ చేసి వాడటం ఆపమనండి. కారణం కూడా చెప్పండి: 'అందులో నీళ్లు కలిశాయి, నిమ్మ తైలం ఎక్కువ పడింది, ఒకరికి దద్దు వచ్చింది.' డబ్బు వెనక్కి ఇచ్చేయండి. 1,500 రూపాయలతో పోయేది ఇంకో ముఖం దాకా వెళ్లనివ్వకండి. సీసాలు వెనక్కి తెచ్చుకోండి, కానీ మీ సీసా మాత్రం అప్పుడే పారేయకండి. దానితో ఇంకా పని ఉంది.

నేను పదేళ్లకు పైగా క్రీములు, నూనెలు తయారుచేసే ల్యాబ్‌లో పనిచేశాను. మీ ఉత్తరం చదివాక, మీరు చేసింది కళ్లారా చూడాలనిపించి చిన్న గాజు గ్లాసులో కొబ్బరి నూనె పోసి చిటికెడు యాస్కార్బిక్ యాసిడ్ వేశాను. పావుగంట తిప్పినా పొడి పొడిగానే ఉంది. వేలితో తీస్తే పంచదార పలుకుల్లా గరగరలాడింది. కరగకపోవడం మీ చేతి తప్పు కాదు. అసలు విటమిన్ సి నీటిలో కరిగేది, నూనెలో కరగదు. తర్వాత రెండు చెంచాల రోజ్ వాటర్ పోసి ఊపాను. రెండు నిమిషాల్లో నూనె పైకి తేలింది, నీళ్లు అడుక్కి చేరాయి, పొడి ఆ నీళ్లలో కరిగింది. అంటే మీ సీసాలో పైన నూనె, కింద పుల్లటి నీళ్లు ఉన్నాయి. ఊపి వేసుకున్న రోజు చుక్కలో రెండూ పడతాయి, ఊపని రోజు నూనె ఒక్కటే పడుతుంది. మీ చుక్క, అక్క చుక్క ఒకటి కాకపోవచ్చు. 'అదే సీసా, నాకేం కాలేదు' అనే మాట మీద ఎక్కువ బరువు పెట్టకండి.

ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టనివ్వని ఇళ్లు మనవి. నూనె సీసాకూ అదే నియమం. నీటి చుక్క లేని నూనెలో సూక్ష్మజీవులు పెరగలేవు, అందుకే దానికి ప్రిజర్వేటివ్ అక్కర్లేదు. నీళ్లు చేరాక లెక్క మారుతుంది. రోజ్ వాటర్‌లో ప్రిజర్వేటివ్ ఉన్నా అది ఆ రోజ్ వాటర్‌కు సరిపడా వేసిందే, మీ సీసాకు కాదు.

ఇక నిమ్మ తైలం. నా అనుమానం అన్నిటికంటే ముందు దీని మీదికే వెళ్తుంది. నిమ్మకాయ రసంలో విటమిన్ సి ఉంటుంది. తొక్క నుంచి తీసిన తైలంలో ఉండదు. పైగా తొక్కను పిండి తీసిన నిమ్మ తైలంలో ఎండ తగిలితే చర్మాన్ని కాల్చే పదార్థాలు ఉంటాయి. తైలం పాతబడి గాలి తగిలితే అందులో వాసననిచ్చే లిమోనిన్ అనే పదార్థం మారిపోయి అలర్జీ తెప్పించే గుణం పెరుగుతుంది. చిన్న సీసాలో ఇరవై చుక్కలు చాలా ఎక్కువ. పొద్దున రాసుకుని ఎండలోకి వెళ్తే ఇంకా చెడ్డది. మంగు ఉన్న ముఖానికి ఇలా మంట పుడితే తర్వాత అక్కడ మచ్చ ఇంకా నల్లబడుతుంది. అందుకే మీకు దద్దు రాకపోయినా మీరు కూడా ఆపాలి.

అక్క విషయానికి వస్తాను. దద్దు ఆ నూనె వల్లే వచ్చిందా, ఇంకేదైనా కారణమా అన్నది నేను గానీ మీరు గానీ తేల్చలేం. చర్మ డాక్టరు చూసి, అవసరమైతే ప్యాచ్ టెస్ట్ (అనుమానం ఉన్న పదార్థాలను చర్మం మీద అంటించి చూసే అలర్జీ పరీక్ష) చేసి చెప్పాలి. కానీ ఆ డాక్టరుకు కావాల్సిన సమాచారం ఇంట్లో ఒక్కరి దగ్గరే ఉంది, అది మీ దగ్గర. మీ ముందు ఉన్న దారులు చూద్దాం.

ఏమీ మాట్లాడకుండా ఊరుకోవచ్చు. ఇంట్లో గొడవ కొన్నాళ్లకు చల్లబడుతుంది. అయితే అక్క ఆ ట్యూబు రాసుకుంటూనే ఉంటారు. నాకు అసలు భయం ఆ ట్యూబు గురించే. మందుల షాపులో దురదకు, మచ్చలకు అని ఇచ్చే చాలా క్రీముల్లో స్టెరాయిడ్ ఉంటుంది. దాని మీద బీటామెథాసోన్, మొమెటాసోన్, క్లోబెటాసోల్ లాంటి పేరు ఉందేమో చూడండి. వారంలో ఎరుపు పోయి ముఖం తెల్లగా కనిపిస్తుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, సన్నటి ఎర్ర నరాలు తేలి, ఆపగానే ముఖమంతా మంటెత్తుతుంది. అప్పుడు అందరూ మీ నూనెనే అంటారు, నిజానికి అది ట్యూబు పని అయి ఉంటుంది. మీరు ఊరుకుంటే అది కనిపెట్టేవాళ్లు కూడా ఉండరు.

రెండోది, అత్తగారి ముందు కూర్చుని సంజాయిషీ చెప్పుకోవడం. మీ మనసు అటు లాగుతోందని మీ రాతలో తెలుస్తోంది. కానీ అక్కడ మాట తప్పెవరిది అనే దగ్గరే తిరుగుతుంది. అక్క చర్మం గురించి ఎవరూ మాట్లాడరు.

మూడోది, అక్క ఒక్కరే ఉన్నప్పుడు వెళ్లడం. చేతిలో ఒక కాగితం ఉండాలి. ఆ సీసాలో ఏమేం వేశారో, ఎంత వేశారో, ఏ తేదీన కలిపారో, ఏ షాపు నుంచి తెచ్చారో అన్నీ రాయండి. గుర్తులేని కొలతలకు 'సుమారు' అని రాయండి. రోజ్ వాటర్, నిమ్మ తైలం దాచకండి. 'అక్కా, నేను ఇచ్చిన దాంట్లో ఇవన్నీ ఉన్నాయి. నీళ్లు కలపకూడదని, నిమ్మ తైలం అంత వేయకూడదని నాకు అప్పుడు తెలియదు. డాక్టరు దగ్గరికి నేను కూడా వస్తాను, ఫీజు నేనిస్తాను. ఈ కాగితం, సీసా, నువ్వు రాస్తున్న ట్యూబు మూడూ చూపిద్దాం' అనండి. ఆమె కోప్పడొచ్చు. రెండు మాటలు ఎక్కువ కూడా అనొచ్చు. 'నాకేం కాలేదు కదా' అనే మాట మాత్రం అప్పుడు నోట రానివ్వకండి, అది నిజమే అయినా సరే. ఈ దారిలో మీరు మాట పడతారు. కానీ డాక్టరు చూసి చెప్పాక మీకు గానీ ఆమెకు గానీ ఊహించుకుంటూ ఉండాల్సిన పని ఉండదు. నన్ను అడిగితే ఈ మూడోదే నా మనసుకు దగ్గర. ఆ ఇంటి గాలి తెలిసింది మీకు కాబట్టి నిర్ణయం మీది. మాటలకు మీరు ఇంకా సిద్ధంగా లేకపోతే కాగితమైనా వాట్సాప్‌లో ఈ రోజే పంపండి.

ఇప్పుడు మీ ముఖం. మంగు మచ్చలకు విటమిన్ సి తోడు సాయం మాత్రమే. అసలు పని ఎండను ఆపడంలో ఉంది. మంగును ఎండలోని యూవీ కిరణాలే కాదు, కంటికి కనిపించే వెలుతురు కూడా పెంచుతుంది. అందుకే ఐరన్ ఆక్సైడ్ ఉన్న, కొంచెం రంగు ఉన్న సన్‌స్క్రీన్ మీలాంటి వాళ్లకు మామూలు దానికంటే మేలు. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికి, మెడకు సరిపోతుంది. పిల్లలు పుట్టకుండా మాత్రలు వాడుతుంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పండి, మంగుకు అదీ కారణం కావచ్చు. మూడేళ్లుగా ఉన్న మచ్చలకు అజెలాయిక్ యాసిడ్, ట్రానెక్సామిక్ యాసిడ్, హైడ్రోక్వినోన్ లాంటి మందులున్నాయి. ఎవరికి ఏది, ఎన్నాళ్లు అన్నది చీటీ రాసే డాక్టరు చూసుకుంటారు. అక్కను తీసుకెళ్లిన రోజే మీరూ చూపించుకోండి.

ఇంత తెలిసి కూడా నూనె చేసుకోవాలనే ఉంటే సరిగ్గా చేసుకోవచ్చు. విటమిన్ సి డెరివేటివ్‌లు అంటే అసలు విటమిన్‌కు ఇంకో ముక్క అతికించి నిలకడగా చేసినవి. చర్మంలోకి వెళ్లాక ఆ ముక్క ఊడి విటమిన్ సి మిగలాలి. సోడియం యాస్కార్బైల్ ఫాస్ఫేట్, మెగ్నీషియం యాస్కార్బైల్ ఫాస్ఫేట్, యాస్కార్బైల్ గ్లూకోసైడ్ నీటిలో కరుగుతాయి. ఈథైల్ యాస్కార్బిక్ యాసిడ్ కూడా అంతే. నూనెలో వేస్తే ఇవి కూడా ఇసుకే. నూనెలో బాగా కలిసేది మీరు రెండోసారి తెప్పించిన టెట్రాహెక్సైల్‌డెసైల్ యాస్కార్బేట్. లేబుల్ మీద యాస్కార్బైల్ టెట్రాఐసోపాల్మిటేట్ అని కూడా ఉండొచ్చు. అది పొడి కాదు, చిక్కటి ద్రవం. సరైన వస్తువే కొన్నారు, దాన్ని పాత సీసాలో పోయడమే పొరపాటు.

దీని మీద కూడా ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. అసలు యాస్కార్బిక్ యాసిడ్ మీద జరిగినంత పరిశోధన డెరివేటివ్‌ల మీద లేదు. 2001లో అమెరికాలోని డ్యూక్ యూనివర్సిటీలో షెల్డన్ పిన్నెల్ బృందం పంది చర్మం మీద చూసినప్పుడు యాస్కార్బిక్ యాసిడ్ లోపలికి వెళ్లడానికి పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 3.5 కంటే తక్కువ ఉండాల్సి వచ్చింది, 20 శాతం దాటాక ఎక్కువ వేసినా లాభం కనబడలేదు. మెగ్నీషియం యాస్కార్బైల్ ఫాస్ఫేట్, యాస్కార్బైల్ పాల్మిటేట్ అనే డెరివేటివ్‌లు రాస్తే చర్మంలో విటమిన్ సి పెరగనే లేదు. అంత పుల్లటి ద్రావణం చాలామందికి మంట పుట్టిస్తుంది, గాలి తగిలితే పసుపు నుంచి గోధుమ రంగుకు మారి చెడుతుంది. టెట్రాహెక్సైల్‌డెసైల్ అంత మంట పెట్టదు, పొడి చర్మానికి హాయిగా ఉంటుంది. మచ్చల మీద పని నెమ్మది.

చేసుకునే పద్ధతి ఇది. పది గ్రాములు మాత్రమే చేయండి. రోజుకు నాలుగు చుక్కల లెక్కన మూడు నెలలు వస్తుంది. 0.01 గ్రాము దాకా చూపించే చిన్న తూకం మిషన్ కావాలి, చెంచాల కొలత ఇక్కడ పనికిరాదు. స్క్వాలేన్ అనే తేలికపాటి నూనె 6.9 గ్రాములు, జొజోబా నూనె 2.5, టెట్రాహెక్సైల్‌డెసైల్ యాస్కార్బేట్ 0.5, మిక్స్‌డ్ టోకోఫెరాల్ (విటమిన్ ఇ) 0.1. అంటే విటమిన్ సి రూపం 5 శాతం, టోకోఫెరాల్ 1 శాతం. వేడి చేయక్కర్లేదు, కలిపితే కలిసిపోతాయి. సీసా, గరిటె, చేతులు చుక్క తడి లేకుండా ఆరి ఉండాలి. ముదురు రంగు సీసాలో పోసి, తేదీ రాసి అంటించి, పొయ్యికి, కిటికీకి దూరంగా పెట్టండి. మే నెల బెజవాడ ఎండల్లో ఫ్రిజ్ తలుపులో పెట్టడమే మంచిది. వాసన ముక్కినట్టు వచ్చినా, రంగు ముదిరినా పారేయండి.

మందుల షాపులో దొరికే ఆకుపచ్చ విటమిన్ ఇ క్యాప్సూల్స్ ఇందులో ఎందుకు వద్దంటే, వాటిలో సాధారణంగా ఉండేది టోకోఫెరైల్ అసిటేట్. చర్మంలో మారాకే అది పనిచేస్తుంది. సీసాలో ఉన్న నూనెను చెడిపోకుండా కాపాడలేదు. ఆ పని మామూలు టోకోఫెరాల్ చేస్తుంది. చాలామంది మంచి ఉద్దేశంతోనే క్యాప్సూల్స్ పిండి, నూనె నిలవ ఉంటుందని నమ్ముతారు. ఆ నమ్మకంతో ఆరు నెలల పాత నూనె ముఖానికి రాయడం చూస్తే నాకు బాధేస్తుంది.

కొబ్బరి నూనె ముఖానికి వద్దు. రంధ్రాలు పూడ్చే గుణం దానికి ఎక్కువ, మీ నుదుటి పొక్కులకు అదే కారణం కావచ్చు. తలనూనె కూడా నుదుటి మీదికి జారుతుంటే చూసుకోండి. స్క్వాలేన్, జొజోబా రెండూ తొందరగా చెడవు. మీ అత్తగారు నువ్వుల నూనే మంచిదన్నారని రాశారు. ఆవిడ మాటలో నిజం ఉంది. నువ్వుల నూనెలో దాన్ని చెడకుండా కాపాడే పదార్థాలు సహజంగానే ఉంటాయి, కుంకుమాది తైలానికి కూడా సంప్రదాయంగా అదే ఆధారం. జిడ్డుగా ఉంటుంది కాబట్టి ఎండాకాలం కష్టం. చలికాలం జొజోబా బదులు వేసుకుంటే తప్పేం లేదు, ఆవిడకు కూడా సంతోషం.

కొత్త సీసా నేరుగా ముఖానికి వద్దు. మోచేతి మడతలో రోజుకు రెండుసార్లు, వారం రోజులు రాసి చూడండి.

దేని తర్వాత ఏది అన్నది భోగి తలంటు గుర్తు తెచ్చుకుంటే తెలిసిపోతుంది. ఒళ్లంతా నూనె పట్టించుకున్నాక చెంబుడు నీళ్లు పోసుకుంటే చుక్కలు చుక్కలుగా జారిపోతాయి కదా, మీ నయాసినమైడ్‌కు జరుగుతున్నది అదే. నీటితో చేసినవి ముందు, నూనె చివర. రాత్రి ముఖం కడుక్కుని, నయాసినమైడ్ రాసి, కావాలంటే మాయిశ్చరైజర్ రాసి, ఆఖరున మూడు నాలుగు చుక్కలు అరచేతుల్లో రుద్ది ముఖానికి అద్దండి.

పొద్దున పూట నూనె పూర్తిగా మానేయమనే నా సలహా. సన్‌స్క్రీన్ చర్మం మీద ఒక పొరలా ఆరాలి. కింద నూనె ఉంటే ఆ పొర పట్టు దొరక్క ఊడి వస్తుంది. మీరు చూసిన రబ్బరు పొట్టు అదే. ఊడిన చోట ఎండకు కాపు లేదు. విటమిన్ సి కోసం మీరు రాసిన నూనె, మంగుకు అన్నిటికంటే ముఖ్యమైన సన్‌స్క్రీన్‌నే పాడుచేస్తోంది. పొద్దున కూడా విటమిన్ సి కావాలంటే ఈథైల్ యాస్కార్బిక్ యాసిడ్ లేదా యాస్కార్బైల్ గ్లూకోసైడ్ ఉన్న నీటి సీరమ్ తయారైనది కొనుక్కోండి. నీటి సీరమ్ ఇంట్లో చేయకండి. దానికి ప్రిజర్వేటివ్, పీహెచ్ కొలత లేకుండా కుదరదు. డబ్బు ఒక్కదానికే సరిపోతుందంటే సీరమ్ వదిలేసి మంచి సన్‌స్క్రీన్ కొనండి.

వ్యాపారం గురించి. మన దేశంలో అమ్మడానికి కాస్మెటిక్స్ తయారుచేయాలంటే 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం రాష్ట్ర ఔషధ నియంత్రణ అధికారుల నుంచి లైసెన్సు ఉండాలి. వంటింట్లో చేసి పక్క ఫ్లాట్‌కు డబ్బుకు ఇచ్చినా అది అమ్మకమే. మానేసి మీకు మీరే చేసుకోవడం ఒక దారి. లేదంటే లైసెన్సున్న తయారీదారు దగ్గర వాళ్ల యూనిట్‌లోనే చేయించి, మీరు లోన్ లైసెన్సు తీసుకుని మీ పేరుతో అమ్మొచ్చు. దానికి పెట్టుబడి, కాగితాలు, పరీక్షలు, బ్యాచ్ నంబర్లు, గడువు తేదీలు అన్నీ కావాలి. ఏడాది పట్టినా ఆశ్చర్యం లేదు. మీకు చేతిపని మీద ఇష్టం ఉందని తెలుస్తోంది, ఆ ఇష్టాన్ని వదులుకోమని అనను. ముందు ఏడాది పాటు మీ ఒక్కరికోసం చేస్తూ, ప్రతి సీసాకూ ఏం వేశారో, ఏ తేదీన వేశారో, ఎన్నాళ్లకు రంగు మారిందో నోటుబుక్కులో రాయండి.

ఆ నోటుబుక్కులో మొదటి పేజీ అక్కకు ఇచ్చే కాగితానికి నకలు కావాలి. డాక్టరు చూశాక పాత సీసాను సింకులో పోయకండి, పాత గుడ్డలో పీల్చుకోనిచ్చి చెత్తలో వేయండి. అక్క బుగ్గలు ఎలా ఉన్నాయో నాకు మళ్లీ రాయండి.